మార్బుల్‌హెడ్ సెయింట్ మైకేల్స్: రాజు పోయినా నిలిచిన చిన్న ఊరి గుడి

బోస్టన్ దగ్గర ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "వీకెండ్‌లో మార్బుల్‌హెడ్ వెళ్లాం. అక్కడ 1714లో కట్టిన సెయింట్ మైకేల్స్ ఎపిస్కోపల్ చర్చి చూశాను. ఇంగ్లండ్ రాజు మీద అంత గట్టిగా తిరగబడిన ఊళ్లో, ఆ రాజు సంఘానికి, అంటే ఇంగ్లండ్ సంఘానికి, చెందిన గుడి ఎలా మిగిలింది? దీని చరిత్ర ఎక్కడ చదవాలి? మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. దీనికీ మాకూ ఏమైనా చుట్టరికం ఉందా? అక్కడ ఆరాధనకు వెళ్లి ప్రభువు బల్ల తీసుకోవచ్చా?"

తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. నేను నంద్యాల వైపు ఎస్.పి.జి. అనే లండన్ మిషన్ సంస్థ గుడి నీడన పెరిగినవాణ్ణి. పాత సంఘాల రిజిస్టర్లు, మిషన్ ఉత్తరాలు చదవడం చాలా ఏళ్లుగా నా పని. మార్బుల్‌హెడ్ గుడి గురించి చదువుతున్నప్పుడు మా ఊరి సంగతులే మళ్లీ మళ్లీ కనిపించాయి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఊరి సంగతి. మార్బుల్‌హెడ్ వ్యవసాయపు ఊరు కాదు. బోస్టన్‌కి ఈశాన్యంగా రాతి తీరం మీద పుట్టిన చేపల ఊరు. 1629 నాటి నుంచే జనం స్థిరపడ్డారు. వాళ్లలో చాలామంది ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్ నుంచి, చానెల్ దీవుల నుంచి వచ్చిన బెస్తవాళ్లు. చుట్టూ ఉన్న సేలం, బోస్టన్ ప్యూరిటన్లవి. వాళ్లు ఇంగ్లండ్ సంఘం ఆచారాలు నచ్చక సముద్రం దాటినవాళ్లు. బిషప్పులు వద్దు, రాసిపెట్టిన ప్రార్థనలు వద్దు, పండుగలు వద్దు అనేవాళ్లు. మార్బుల్‌హెడ్ వాళ్లు మాత్రం కాడ్ చేప కోసం వచ్చారు. భక్తి విషయంలో వీళ్లని దారిలో పెట్టలేక చుట్టుపక్కల బోధకులు విసిగిపోయేవారు.

పట్టిన చేపను చీల్చి, ఉప్పు పట్టించి, తీరం పొడవునా వేసిన కర్ర పందిళ్ల మీద ఎండబెట్టేవాళ్లు. మేలురకం స్పెయిన్‌లోని బిల్బావో లాంటి రేవులకు పోయేది. విరిగిపోయిన, చెడిపోయిన నాసిరకం చేప కరీబియన్ దీవుల చెరకు తోటలకు పోయేది, అక్కడ బానిసల తిండికి. ఈ మాట దాటవేయకూడదు. ఊరి వర్తకుల డబ్బంతా ఈ వ్యాపారంలో నుంచి వచ్చిందే. ఊళ్లోని గుళ్లకు వాళ్లిచ్చిన కానుకలూ ఆ డబ్బులోవే.

1714లో గుడి కట్టారు. చందాలు ఇచ్చినవాళ్లలో ఊరివాళ్లతో పాటు ఓడల కెప్టెన్లు ఉన్నారు. ఫ్రాన్సిస్ నికల్సన్ అనే పెద్దమనిషి సాయం కూడా ఉంది. నికల్సన్ అంతకుముందు మేరీలాండ్, వర్జీనియాలకు గవర్నర్‌గా చేసినవాడు, అనపోలిస్, విలియమ్స్‌బర్గ్ పట్నాలకు ప్లాన్ గీయించినవాడు. కాలనీల్లో ఎక్కడ ఇంగ్లండ్ సంఘానికి గుడి కడుతున్నా ఆయన చెయ్యి కనిపిస్తుంది. అదే రోజుల్లో ఊళ్లోని పాత ప్యూరిటన్ సంఘంలో కొత్త బోధకుడిగా ఎవర్ని పెట్టుకోవాలనే గొడవ నడుస్తోంది. జాన్ బర్నార్డ్ కావాలని కొందరు, ఎడ్వర్డ్ హోలియోక్ కావాలని కొందరు. చివరికి 1716లో ఆ సంఘం రెండైంది. కాబట్టి ఊరంతా ఒక్కమాట మీద ఉన్నప్పుడు పుట్టిన గుడి కాదిది. మతం విషయంలో ఊరు కిందుమీదులవుతున్నప్పుడు పుట్టింది.

ఇప్పుడు అసలు విషయం, జీతం. చిన్న ఊరి గుడి చరిత్ర చదివేటప్పుడు నేను మొదట వెతికేది కట్టడం తేదీ కాదు, అయ్యగారికి (పాస్టరుకు) జీతం ఎవరిచ్చారన్నది. మార్బుల్‌హెడ్ అయ్యగార్ల జీతంలో ముఖ్యభాగం లండన్ నుంచి వచ్చేది. పంపింది సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ ది గాస్పెల్. అవును, మన ఎస్.పి.జి.నే. 1701లో రాజు చార్టర్‌తో ఏర్పడిన సంస్థ. జీతం ఊరికే రాదు కదా, లెక్క పంపాలి. ఊరి జనాభా ఎంత, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు, ప్రభువు బల్ల తీసుకునేవాళ్లు ఎందరు, వేరే సంఘాలవాళ్లు ఎందరు, ఇలా గళ్ల వారీగా రాసి పంపాలి. ఆ కాగితాల వల్లే ఇవాళ మనకు ఇంత వివరం తెలుస్తోంది. ఇదే ఎస్.పి.జి.కి బార్బడోస్‌లో కాడ్రింగ్టన్ అనే చెరకు తోట, ఆ తోటలో బానిసలు ఉండేవారన్నది కూడా ఆ సంస్థ కాగితాల్లోనే ఉంది. రెండూ కలిపి చదవాలి.

ఇక్కడ క్రిస్మస్ గొడవ చెప్పకపోతే ఈ గుడి అర్థం కాదు. మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే 5 షిల్లింగుల జరిమానా ఉండేది. చట్టం తీసేశాక కూడా ప్యూరిటన్ ఊళ్లలో డిసెంబర్ 25 మామూలు పనిదినమే. సెయింట్ మైకేల్స్‌లో మాత్రం పండుగ ఆరాధన జరిగేది. ఊళ్లో చాలామందికి అది నచ్చేది కూడా. చలికాలం, పడవలు ఒడ్డున ఉన్న రోజులు, పండుగ ఎవరికి చేదు? ఇది చూసి పాత సంఘం బోధకుడు జాన్ బర్నార్డ్, క్రీస్తు పుట్టింది ఆ రోజు కాదు అని వాదిస్తూ ప్రసంగం చేశాడు. సెయింట్ మైకేల్స్ రెక్టర్ (గుడి బాధ్యత చూసే అయ్యగారు) జార్జ్ పిగాట్ ఊరుకోలేదు. 1730 జనవరి మొదట్లో ఎదురు ప్రసంగం చేశాడు. ఆది క్రైస్తవుల నుంచీ ఈ పండుగ ఉంది, మాది కొత్త ఆచారం కాదు అని. దాన్ని 1731లో బోస్టన్‌లో అచ్చు వేయించారు. శీర్షికలోనే బర్నార్డ్ పేరు పెట్టి మరీ. చిన్న ఊళ్లో రెండు గుళ్లు, ఇద్దరు చదువుకున్న అయ్యగార్లు, ఒకరినొకరు రోజూ వీధిలో చూసుకుంటూ ఈ స్థాయిలో వాదించుకున్నారు. నాకు ఇద్దరి మీదా గౌరవమే. బర్నార్డ్ సామాన్యుడు కాదు. చేపల్ని బోస్టన్ దళారులకు అమ్మకుండా మీరే ఓడలు పెట్టి నేరుగా అమ్ముకోండి అని ఊరివాళ్లని ముందుకు తోసింది తానేనని ముసలితనంలో రాసుకున్నాడు. తాను వచ్చిన కొత్తలో విదేశీ వ్యాపారం చేసే ఓడ ఊళ్లో ఒక్కటీ లేదట, 1760ల నాటికి 30 నుంచి 40 ఉన్నాయట.

పన్ను సంగతి ఒకటి. అప్పట్లో మసాచుసెట్స్‌లో చాలా ఊళ్లలో ప్రతివాడూ ప్యూరిటన్ బోధకుడి జీతం కోసం పన్ను కట్టాలి. మనం వేరే గుడికి పోతున్నా సరే. 1727 చట్టంతో ఇంగ్లండ్ సంఘంవాళ్లకు కాస్త ఊరట దొరికింది. గుడికి 5 మైళ్ల లోపు ఉండి, అక్కడి ఆరాధనకు వెళ్లేవాళ్ల పన్ను వాళ్ల అయ్యగారికే చేరాలన్నారు. ఆ మరుసటి ఏడే, అంటే 1728లో, సెయింట్ మైకేల్స్‌ను ఉత్తరం వైపు పెంచారు. ఒకటి రెండోదానికి కారణమని ఖాయంగా అనను కానీ, గుడిలో చోటు చాలనంత జనం ఉన్నారన్న మాట నిజం.

అయ్యగార్లు వస్తూ పోతూ ఉండేవారు. మొదటివాడు విలియం షా, ఎక్కువ కాలం లేడు. తర్వాత వచ్చిన డేవిడ్ మోసమ్ 1727లో వర్జీనియా వెళ్లాడు. 1759లో జార్జ్ వాషింగ్టన్‌కి, మార్తాకి పెళ్లి చేసిన అయ్యగారు ఈయనే. 1740 నుంచి 1749 దాకా ఉన్న అలెగ్జాండర్ మాల్కమ్ స్కాట్లండ్ మనిషి, సంగీత శాస్త్రం మీద పెద్ద గ్రంథం రాసినవాడు. అంత పండితుడు చేపల వాసన నిండిన రేవులో తొమ్మిదేళ్లు ఎలా గడిపాడా అని నాకు ఇప్పటికీ ఆసక్తే.

ఇంకో విచిత్రం గమనించు. ఇది బిషప్పుల పాలన ఉన్న సంఘం. కానీ కాలనీల కాలమంతా అమెరికాలో ఒక్క బిషప్ కూడా లేడు. లండన్ బిషప్ అక్కడి నుంచే పేరుకు చూసుకునేవాడు. అయ్యగారు కావాలనుకునే కుర్రాడు అట్లాంటిక్ దాటి లండన్ వెళ్లి అభిషేకం పొంది తిరిగి రావాలి. కొందరు తుపానుల్లో, కొందరు మశూచితో పోయారు. బాప్తిస్మం పొందిన పిల్లలకు బిషప్ చేతులుంచి చేసే కన్ఫర్మేషన్ ఉంటుంది కదా, అది ఈ గుడిలో పుట్టి, పెరిగి, చనిపోయిన తరాలకు తరాలు చూడనే లేదు. అందుకే గుడి నిర్వహణ అంతా వార్డెన్లు, వెస్ట్రీ అనే పెద్దల చేతుల్లోకి పోయింది. మన పాస్టరేట్ కమిటీ లాంటిదే, కానీ పట్టు ఇంకా ఎక్కువ. వెస్ట్రీ పుస్తకాల్లో మరమ్మతులు, కూర్చునే బల్లల డబ్బు, బాకీలు, ఇవే కనిపిస్తాయి. అప్పట్లో గుళ్లో కుటుంబంతో కూర్చునే చోటు కొనుక్కోవాల్సిందే. ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది చూస్తే ఎవరికి ఎంత ఉందో తెలిసిపోతుంది.

నువ్వు మళ్లీ వెళ్లినప్పుడు తలెత్తి పైనున్న ఇత్తడి దీపగుత్తిని చూడు. జాన్ ఎల్బ్రిడ్జ్, బ్రిస్టల్ నగరం, 1732 అని దాని మీద చెక్కి ఉంటుంది. ఎల్బ్రిడ్జ్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రేవులో కస్టమ్స్ అధికారి. సముద్రానికి అవతలి ఒడ్డున సుంకాల అధికారి ఇవతలి ఒడ్డున ఉన్న చిన్న గుడికి దీపం పంపాడంటే, ఆ రెండు రేవుల మధ్య రాకపోకలు ఏ స్థాయిలో ఉండేవో ఊహించుకో. గుడి చరిత్రంతా ఒక వస్తువులో చూపించమంటే నేను ఆ దీపగుత్తినే చూపిస్తాను.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, రాజు సంఘం గుడి రాజు పోయాక ఎలా మిగిలింది?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన 1775 నాటికి అయ్యగారు జాషువా వింగేట్ వీక్స్. ఆయన ఇబ్బంది మనం న్యాయంగా అర్థం చేసుకోవాలి. అభిషేకం నాడు రాజుకు విధేయుడినని ప్రమాణం చేశాడు. చేతిలోని ప్రార్థన పుస్తకంలో ఉదయం ఆరాధనలో రాజు కోసం, రాజ కుటుంబం కోసం ప్రార్థనలున్నాయి, సాయంత్రం ఆరాధనలోనూ ఉన్నాయి. అవి చదివితే ఊరి దృష్టిలో ద్రోహి. వదిలేస్తే ప్రమాణం తప్పినవాడు. ఫిలడెల్ఫియాలోని క్రైస్ట్ చర్చిలో 1776 జులై 4న వెస్ట్రీ కూర్చుని రాజు పేరు ఆరాధనలో తీసేయాలని తీర్మానం చేసింది. అక్కడి పుస్తకంలో ఆ వాక్యాలను పెన్నుతో కొట్టేసి, పక్కన అమెరికా కాంగ్రెస్ పేరు రాశారు. ఆ పుస్తకం ఇంకా ఉంది. అందరూ అలా చేయలేకపోయారు. వీక్స్ చేయలేదు. ఊళ్లో నిలవడం కష్టమై చివరికి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, తర్వాత నోవా స్కోషియాలో స్థిరపడ్డాడు. భార్యాపిల్లల్ని కష్టాల్లో వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆయన్ని పిరికివాడని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మాట ఇచ్చి దానికి కట్టుబడ్డ మనిషి.

స్వాతంత్ర్య ప్రకటన వార్త వచ్చిన రోజు ఊరివాళ్లు గుడిలోకి చొరబడి, లోపల పెట్టిన రాజ చిహ్నాన్ని పీకేసి, గంట పగిలేదాకా మోగించారని ఆ ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటారు. పగిలిన గంటను తర్వాత బోస్టన్ లోహకారుడు పాల్ రెవెర్ మళ్లీ పోతపోశాడు. రెవెర్ గంటల పని మొదలుపెట్టింది 1792లో. అంటే ఆ కథ ప్రకారం పగిలిన గంట కనీసం పదహారేళ్లు అలాగే ఉండి ఉండాలి. ఆ మధ్యకాలంలో సంఘం దగ్గర డబ్బు లేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? జాన్ గ్లోవర్ నాయకత్వంలోని మార్బుల్‌హెడ్ బెస్తవాళ్లే 1776 డిసెంబర్ 25 రాత్రి వాషింగ్టన్ సైన్యాన్ని మంచుగడ్డల మధ్య డెలావేర్ నది దాటించారు. యుద్ధం అయ్యేసరికి ఊళ్లో వందల మంది విధవలు మిగిలారు. చేపల వ్యాపారం కుప్పకూలింది. లండన్ జీతం ఆగిపోయింది.

కాబట్టి లెక్క చూడు. రాజు పోయాడు, మిషన్ డబ్బు పోయింది, అయ్యగారు పోయాడు, గంట పగిలింది. అయినా గుడి నిలిచింది. నా అభిప్రాయంలో కారణం ఒకటే. ఈ గుడికి మొదటి నుంచీ ప్రభుత్వ ఆసరా పెద్దగా లేదు. వర్జీనియాలో ఇదే సంఘం ప్రభుత్వ సంఘంగా ఉండేది. అక్కడ పన్నులు, మాన్యం భూములు అన్నీ ఉండేవి. యుద్ధం తర్వాత పన్నులు పోయాయి, 1802 చట్టంతో మాన్యాలూ పోయాయి. ఎన్నో గుళ్లు పాడుబడ్డాయి. మార్బుల్‌హెడ్‌లో పోగొట్టుకోవడానికి మాన్యం లేదు. చందాలు వేసుకుని గుడి కట్టుకున్నవాళ్ల మనవలు, ఉన్నంతలో మళ్లీ చందాలు వేసుకున్నారు.

అయితే నిలవడం ఒక్కటే కాదు, ఏ విశ్వాసంతో నిలిచారన్నది కూడా ముఖ్యం. బోస్టన్‌లో కింగ్స్ చాపెల్ ఇంతకంటే పాత సంఘం, 1686 నాటిది. యుద్ధం తర్వాత 1785లో అక్కడివాళ్లు ప్రార్థన పుస్తకం నుంచి త్రిత్వానికి సంబంధించిన మాటలు తీసేసి యూనిటేరియన్ బాట పట్టారు. సెయింట్ మైకేల్స్ అలా మారలేదు. ఈలోగా కనెక్టికట్ అయ్యగార్లు శామ్యూల్ సీబరీని బిషప్‌గా ఎన్నుకుని ఇంగ్లండ్ పంపారు. అక్కడి బిషప్పులు, రాజుకు ప్రమాణం చేయనిదే అభిషేకించడానికి చట్టం ఒప్పుకోదన్నారు. ఆయన స్కాట్లండ్ వెళ్లి 1784 నవంబర్ 14న ఆబర్డీన్‌లో అభిషేకం పొందాడు. 1789లో ఫిలడెల్ఫియాలో సంఘం సొంత రాజ్యాంగం, సొంత ప్రార్థన పుస్తకం తయారుచేసుకుంది. రాజు ఉన్నచోట ప్రెసిడెంట్ వచ్చాడు. అదే ఇవాళ్టి ఎపిస్కోపల్ చర్చి. ఆ సంధికాలంలో మార్బుల్‌హెడ్‌ను నిలబెట్టినవాళ్లు థామస్ ఫిచ్ ఆలివర్, ఆయన తర్వాత విలియం హారిస్. హారిస్ తర్వాత న్యూయార్క్ వెళ్లి కొలంబియా కాలేజీ ప్రెసిడెంట్ అయ్యాడు. మసాచుసెట్స్‌కి సొంత బిషప్ వచ్చింది 1797లో, ఎడ్వర్డ్ బాస్.

పంతొమ్మిదో శతాబ్దం గురించి ఎక్కువ చెప్పను. 1833లో లోపల గోథిక్ పద్ధతిలో మార్పులు చేశారు. అందుకే నువ్వు చూసినదంతా 1714 నాటిది కాదు. ఆ మార్పు నాకు నచ్చదు. 1714 నాటి సాదా చెక్కపని మీద మొనదేలిన గోథిక్ కమానులు అతకవు. కానీ గుడి మ్యూజియం కాదు, ప్రతి తరమూ తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది.

మన చుట్టరికం సంగతి. అమెరికా స్వతంత్రమయ్యాక ఎస్.పి.జి. అక్కడ పని ఆపేసి బ్రిటిష్ పాలనలో ఉన్న మిగతా చోట్ల మీద దృష్టి పెట్టింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో కడప, కర్నూలు ప్రాంతాల్లో ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా తెలుగు మిషన్ నడిపింది. మార్బుల్‌హెడ్ నుంచి ఏ సొసైటీకి లెక్కలు వెళ్లాయో, నూరేళ్లు దాటాక ముత్యాలపాడు నుంచీ ఆ సొసైటీకే వెళ్లాయి. బాప్తిస్మాలెన్ని, బల్లకు వచ్చేవారెందరు, బడికి వచ్చే పిల్లలెందరు అంటూ. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు మా నంద్యాల సంఘాలు చాలావరకు అందులో చేరలేదు. బిషప్పుల పరంపర విషయంలో వాళ్లకు అనుమానాలుండేవి. 1970ల్లో గానీ కలవలేదు. దోర్నకల్ వైపు చూస్తే ఇంకో ముడి ఉంది. 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారి డయాసిస్ (బిషప్ పాలన ప్రాంతం) పనికి 1930ల్లో అమెరికా ఎపిస్కోపల్ చర్చి తోడ్పడింది. కాబట్టి చుట్టరికం ఉంది, రెండు వైపుల నుంచీ.

చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మార్బుల్‌హెడ్ నుంచి వెళ్లిన ఉత్తరాలు ఎస్.పి.జి. కాగితాల్లో ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ లైబ్రరీలో, లండన్ బిషప్ కాగితాల్లో లాంబెత్ ప్యాలెస్ లైబ్రరీలో ఉన్నాయి. నువ్వు ఇంగ్లండ్ పోనక్కర్లేదు. మసాచుసెట్స్ ఉత్తరాలు 1873లోనే అచ్చయ్యాయి, ఆ సంపుటం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు అది చదువు. తర్వాత పారిష్ ఆఫీసుకు మెయిల్ రాసి, బాప్తిస్మపు రిజిస్టర్, వెస్ట్రీ మినిట్స్ చూడాలంటే ఏం చేయాలో అడుగు. చాలా చోట్ల చరిత్ర మీద ప్రేమ ఉన్న ఒక పెద్దావిడో, పెద్దాయనో ఉంటారు. వాళ్లతో కూర్చుంటే పుస్తకాల్లో లేనివి తెలుస్తాయి. రిజిస్టర్ తెరిస్తే సమాధుల పేజీలు తప్పకుండా చూడు. చేపల ఊళ్లో ఎవరు ఒడ్డున చనిపోయారు, ఎవరి పేరు సమాధుల పుస్తకంలోకి ఎక్కలేదు అన్నది పోల్చి చూస్తే ఎన్నో కుటుంబాల కథ బయటపడుతుంది. కాలనీల నాటి రిజిస్టర్లలో బాప్తిస్మం పొందిన బానిసల పేర్లు యజమాని పేరుతో కలిపి ఉంటాయి. వాటిని కూడా దాటవేయకుండా రాసుకో.

చివరగా, ఆరాధన. నిస్సందేహంగా వెళ్లు. బాప్తిస్మం పొందినవాళ్లు ఏ సంఘం నుంచి వచ్చినా ఎపిస్కోపల్ గుళ్లలో ప్రభువు బల్లకు ఆహ్వానిస్తారు. పైగా సి.ఎస్.ఐ. కూడా ఆంగ్లికన్ కుటుంబంలో సభ్యురాలే, కాబట్టి నువ్వు అక్కడ పరాయివాడివి కావు. ఆరాధన క్రమం చేతికిస్తారు. చూస్తే ఇంట్లో చదువుకున్న క్రమమే ఇంగ్లీషులో కనిపిస్తుంది. బల్ల దగ్గర మోకరించాలా, నిలబడాలా అని టెన్షన్ పడకు, పక్కవాళ్లు చేసినట్టు చెయ్యి. అక్కడే సభ్యత్వం తీసుకోవాలనిపిస్తే మీ ఊరి అయ్యగారితో బదిలీ ఉత్తరం రాయించుకో. దాంతో పాటు నీ బాప్తిస్మం, కన్ఫర్మేషన్ తేదీలు, ఏ గుడిలో జరిగాయన్నది సర్టిఫికెట్ మీద స్పష్టంగా ఇంగ్లీషులో ఉండేట్టు చూసుకో. రెక్టర్ వాటిని తమ రిజిస్టర్‌లో ఎక్కిస్తారు.